రెండు మహళ్ళు, ఒక టీ

తునిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు బయల్దేరితే చాలు, మావయ్యగారు రిట్జ్ హోటల్ కబుర్లు మొదలెట్టేవారు. కుర్రతనంలో పని మీద వెళ్ళి అక్కడ టీ తాగారట!

నౌబత్ పహాడ్ దగ్గరున్న ఆ హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌ని నిజామత్ జంగ్ అనే జడ్జిగారు 1915లో, తాను చదివిన కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ పోలికలో కట్టించుకున్నారు. తర్వాత అందులో నిజాం కొడుకు మొజంజా ఉన్నారు. 1955 నుంచి హోటలు.

ఫలక్‌నుమాది ఇంకో కథ. వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి, అప్పులపాలై, చివరికి ఆరో నిజాంకి అప్పగించారు. భోజనాల బల్ల దగ్గర 101 మంది కూర్చోవచ్చట. (మా ఇంటికి పదిమందొస్తేనే నాకు గాభరా!) అదీ చాలా ఏళ్ళు తాళం వేసున్నదే. తాజ్ వాళ్ళు ఏళ్ళ తరబడి బాగుచేసి 2010లో హోటలుగా తెరిచారు.

రిట్జ్ మాత్రం మూతపడి, గోడలు పాడుబడ్డాయి.

రెంటిలో ఏది గొప్పదంటే అందరూ ఫలక్‌నుమానే అంటారు. నిజమే, నిలబడింది. కానీ ముందు బుకింగ్ లేకుండా గేటు దాటలేం. రిట్జ్‌లో తునివాడొకడు టీ డబ్బులతో నవాబుగారి వరండాలో కూర్చుని వచ్చాడు. అందుకే నా ఓటు దానికే.

మావయ్యగారు పోయాక మా అబ్బాయికి చూపిద్దామని వెళ్ళాం. గేటుకి తాళం. కమ్మీల్లోంచి చూసి, "తాతయ్య ఎక్కడ కూర్చున్నాడమ్మా?" అన్నాడు.