నల్లమల చెంచులు : పెంట జీవితము, అడవి హక్కు

పాలమూరు సీమ చరిత్రము వ్రాయబూనువారు గద్వాల కోటతోను, వనపర్తి, జటప్రోలు సంస్థానములతోను ఆరంభించుట పరిపాటి. అది సహజమే. ఆ సంస్థానములకు శాసనములు కలవు, దానపత్రములు కలవు, కవిపండితుల కృతులు కలవు. విద్వద్గద్వాల యను పేరు నేటికిని నిలిచియున్నది. కాని వానికి తూర్పున, కృష్ణకు ఉత్తరమున, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు పీఠభూమిపై శాసనమెరుగని యొక సమాజము తరతరములుగా జీవించుచున్నది. వారే చెంచులు. వారి చరిత్రమునకు వారి ఆచారములే ప్రధానాధారములు. ఆ ఆచారములలో అడవిపై హక్కు ఎట్లేర్పడినదో పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

చెంచులు తెలుగువారికి కొత్తవారు కారు. వారి మాతృభాష తెలుగే. అహోబల నరసింహుడు చెంచులక్ష్మిని పరిణయమాడెననియు, శ్రీశైల మల్లికార్జునుడు చెంచు కన్యను వరించెననియు ఐతిహ్యములు కలవు. అందుచేత చెంచులు మల్లన్నను తమ అల్లునిగా నెంచి చెంచు మల్లయ్య యని పిలుచుకొందురు. అడవికిని దేవాలయమునకును గల పూర్వసంబంధము ఈ కథలలో బంధుత్వముగా రూపొందినది. అయినను వారి దైనందిన జీవితమును ఈ కథలు తెలుపవు. ఆ పనిని తొలుత సమగ్రముగా జేసినవాడు ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఆయన 1940 లో ఈ అడవులలో చెంచుల నడుమ నివసించి, 1943 లో వారినిగూర్చి ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. ఇచట పేర్కొను పూర్వాచారములు చాలవరకు ఆ కాలమునకు సంబంధించినవి.

మైదానమున పెంట యనిన చెత్తకుప్ప స్ఫురించును. చెంచుల వ్యవహారమున నది నివాసస్థానము. అప్పాపూర్, రాంపూర్, భౌరాపూర్, మేడిమల్కల మున్నగునవి ఇట్టి పెంటలు. వెదురు తడికల గోడలు, శంఖాకారపు గడ్డికప్పు గల కొలది గుడిసెలే పెంట. అయితే గుడిసెలు మాత్రమే పెంట కాదు. చుట్టునుండు కొండచరియలు, వాగులు, చెలమలు, తేనెపట్టులుండు బండలు, ఇప్పచెట్లు అన్నియు దాని పరిధిలోనివే. వేసవిలో నీరెండినపుడు కుటుంబములు నీటివసతిగల చోటికి తరలి, వానలకు మరల వచ్చుచుండెడివి. ఇది దిక్కులేని సంచారము కాదు. ఎల్ల లెరిగిన సంచారము.

నిమ్మల, కట్రాజు, తోకల, మండ్లి, ఉడుతలూరి మున్నగునవి చెంచుల ఇంటిపేర్లు. ఒకే ఇంటిపేరువారు వివాహమాడరాదు. పురుషుడు తండ్రి పెంటలోనే కాక, భార్యవైపువారి పెంటలోను నివసింపవచ్చును. కావున వివాహము రెండు కుటుంబములనే కాక, రెండు అడవి భాగములనుగూడ కలుపును. పెంటలోని తగవులను పెద్దమనిషి తీర్చును. అతని మాటకు బలము దండనాధికారము కాదు, పదిమంది సమ్మతి.

ఆహారసంపాదనలో స్త్రీ పురుషు లిరువురును సమానముగా శ్రమించెడివారు. ఇనుపమొన గల కోలతో గడ్డలు త్రవ్వుట నిత్యకృత్యము. తునికిపండ్లు, ఇప్పపువ్వు, బూడిద కలిపిన చింతపండు ఆయా ఋతువుల ఆహారములు. విల్లమ్ములతో వేటాడుట పురుషుల పని. వీనియన్నిటిలోను తేనె తీయుట ప్రాణాపాయకరము. కొండకొమ్మునుండి తీగలతో పేనిన త్రాటిని వ్రేలాడదీసి దానిపై దిగి పట్టు కోయవలెను. పైన త్రాటిని కాచువాడు సాధారణముగా భార్య సోదరుడు. తన తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ త్రాటిపై నున్నవని అతడెరుగును. న్యాయస్థానము లేని సమాజము నమ్మకమును ఎచట కట్టివేసినదో ఈ యాచారము చూపుచున్నది.

వేటకును వనఫలములకును అధిదేవత గారెల మైసమ్మ. జంతువు చిక్కినపుడు కొంత మాంసమును కాల్చి ఆమెకు నివేదించిన పిదపనే పంచుకొనెడివారు. పూర్వము మగ జంతువులనే వేటాడెడివారమనియు, పొరపాటున ఆడుది చచ్చిన అమ్మవారిని క్షమాపణ వేడెడివారమనియు వారు చెప్పుకొనిరి. భక్తిరూపమున నున్న ఈ నియమము అడవికి రక్షణశాసనమే. సలేశ్వరమున లింగమయ్యకు నేటికిని చెంచులే పూజారులు. చైత్రపూర్ణిమనాటి జాతరకు మైదానపు జనులు వేలకొలది లోయకు దిగివచ్చి, వారి చేతులమీదుగా తీర్థము పుచ్చుకొందురు.

ఇట్టి హక్కు పత్రములకెక్కలేదు. రాజ్యమునకు అడవి ఆదాయముగా కనబడినపుడు గుత్తదారులు వచ్చిరి. హైమెండార్ఫ్ సూచనలపై నిజాం ప్రభుత్వము 1942 లో సుమారు లక్ష ఎకరములను చెంచులకై ప్రత్యేకించెను. తరువాత అడవి పులుల నివాసముగా గుర్తింపబడెను. 1983 లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్య మేర్పడెను. రాష్ట్రవిభజన పిమ్మట అమ్రాబాదు భాగము వేరుగా వ్యవహరింపబడుచున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆదిమసమూహముల ఆవాసహక్కును అంగీకరించినది. అయినను పెంటలను అడవి వెలుపలికి తరలించు ప్రయత్నములు ఆగలేదు.

ఈ వివాదమున పులియా, చెంచా యని ప్రశ్నించుట చరిత్రమునకు విరుద్ధము. ఇరువురును ఒకే అడవిలో చిరకాలము మనిరి. గుడిసెకు బదులు ఇల్లు, పొలము, ధనము ఈయవచ్చును. తేనెబండను, బావమరిది పట్టిన త్రాటిని, గారెల మైసమ్మ నివేదనను వేరొకచోట నాటుట సాధ్యముకాదు. పెంట కదలినచో కదలునది నివాసము మాత్రమే కాదు, ఒక ధర్మశాస్త్రము. గడ్డలకును, తీగలకును, తేనెకును చెంచులు వాడు తెలుగు పదములుకూడ దానితోనే కదలిపోవును. సంస్థానముల కృతులను సేకరించి పరిష్కరించిన మన పండితులకు ఈ పదసంపదను సేకరించు బాధ్యతయు కలదు. గద్వాల, వనపర్తుల తాళపత్రములు భాండాగారములలో వేచియుండగలవు. పెంటలోని వృద్ధులు అట్లు వేచియుండజాలరు.