వాల్తేరులో వేసిన లెక్క



సంచికకు బడి జ్ఞాపకాలు రాయమన్నారు. అవి నాకంటే బాగా రాయగలవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఇంజినీరుగా ముప్పై ఏళ్లు పనిచేసి కూడా ఆలస్యంగా తెలుసుకున్న ఒక చరిత్ర చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఉద్యోగం పని మీద జర్మనీలో ఒక ప్రయోగశాలకు వెళ్లాను. కార్బన్ నమూనా మీద లేజర్ కాంతి వేసి, చెదిరి వచ్చిన కాంతిని రామన్ స్పెక్ట్రోమీటర్‌తో పరీక్షిస్తున్నారు. ఈ గీత ఎందుకు వస్తోంది, ఇంకొకటి ఎందుకు రావడం లేదు అని అడిగాను. అక్కడి కుర్రవాడు బోర్డు మీద చిన్న పట్టిక గీసి, "ఈ పద్ధతి మీవాళ్లదే కదా! భగవంతం, వెంకటరాయుడు" అన్నాడు. మొదటి పేరు పెద్ద పదవులు చేసిన మనిషిగా విన్నాను. రెండో పేరు వినలేదు. తెలిసినట్టు తలూపాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరమే అది. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలై వాల్తేరుకు మారి అప్పటికి రెండేళ్లే. అక్కడ ఆయనకు తోడు దొరికినవారు టి. వెంకటరాయుడు, గణితజ్ఞుడు.

వాళ్ల ముందున్న ప్రశ్న ఇది. స్ఫటికంలో అణువులు రకరకాలుగా కంపిస్తుంటాయి. వాటిలో ఏవి రామన్ కాంతిలో కనిపిస్తాయి, ఏవి కనిపించవు? ఇద్దరూ సమూహ సిద్ధాంతం అనే గణితాన్ని స్ఫటిక సౌష్టవానికి అన్వయించి, 1939లో ఆ పద్ధతిని ప్రచురించారు. 1948లో ఇద్దరూ కలిసి రాసిన పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. తరువాత అమెరికాలోని అకడమిక్ ప్రెస్ దాన్ని మళ్లీ ప్రచురించింది.

సౌష్టవం అంటే మన లెక్కల మాస్టారు చెప్పిన పాఠమే. సంక్రాంతి ముందు రోజుల్లో ఆడపిల్లల చేత బోర్డు మీద చుక్కల ముగ్గు వేయించి, "పావు చుట్టు తిప్పినా ఇలాగే ఉంటుందా?" అని అడిగారు. ఉంటే ఒక మూల వేస్తే చాలు, మిగతా మూడు మూలలూ తెలిసిపోతాయి. పరీక్షలో రాదని మేం నవ్వుకున్నాం.

1942లో భగవంతం అడిగిన ప్రశ్న సరిగ్గా అదే. స్ఫటికాన్ని నొక్కితే అందులో కాంతి నడక మారుతుంది. ఆ మార్పును చెప్పడానికి కొన్ని స్థిరాంకాలు కావాలి. ఘనాకార స్ఫటికాలన్నిటికీ మూడు చాలని జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో చెప్పాడు. యాభై ఏళ్లు అదే చెల్లింది. అయితే ఘనాకార స్ఫటికాల్లో ఐదు తరగతులున్నాయి. వాటిలో రెండు, అరచుట్టు తిప్పితే ఒకేలా ఉంటాయి గానీ పావు చుట్టు తిప్పితే ఉండవు. కాబట్టి వాటికి నాలుగు స్థిరాంకాలు కావాలని భగవంతం లెక్క తేల్చారు. తరువాత బేరియం నైట్రేట్ వంటి స్ఫటికాల మీద చేసిన కొలతలు ఆ లెక్కను నిలబెట్టాయి. విశాఖ మీద జపాను బాంబులు పడిన సంవత్సరం కూడా 1942యే.

ఇప్పుడు ఆ కార్బన్ దగ్గరకు వద్దాం. ఒకే పొర మందం ఉన్న కార్బన్ రేకును గ్రాఫీన్ అంటారు. మాంచెస్టర్‌లో 2004లో దాన్ని విడదీశారు, 2010లో నోబెల్ వచ్చింది. దాని అమరికలో పదేపదే వచ్చే చిన్న భాగంలో రెండు అణువులుంటాయి. ఒక్కోదానికి మూడు దిశలు, మొత్తం ఆరు కదలికలు. మూడింటిలో రేకు మొత్తం కదులుతుంది. మిగిలిన మూడింటిలో రేకు తలంలోనే జరిగే రెండూ కలిసి 1580 దగ్గర ఒకే గీతగా కనిపిస్తాయి. పైకీ కిందికీ ఊగే మూడోది రామన్ కాంతికి కనబడదు. ఆ కుర్రవాడి పట్టికలో ఉన్నది ఇదే. నానో పదార్థాలన్న మాటే లేని రోజుల్లో వాల్తేరులో వేసిన లెక్క, ఈనాటి నానో పదార్థాలకూ పనికొస్తోంది.

భగవంతం తరువాత ఉస్మానియా ఉపకులపతి, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. 1989లో కన్నుమూశారు. మనం పదవుల్ని గుర్తుపెట్టుకుని పనిని మరిచిపోయాం. వెంకటరాయుడు గారి విషయంలో పేరు కూడా మరిచిపోయాం.

చివరిగా సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలన్న ఆలోచన నడుస్తోంది. నేనూ మొదట సరేనన్నాను. ఇప్పుడు మనసు మార్చుకున్నాను. రావులపాలెం వంతెన దాటి వచ్చేవాళ్లకు మన ద్వారం కనిపిస్తుంది, నిజమే. కానీ మన పిల్లలు సైన్సు ప్రయోగాలు ఇప్పటికీ పుస్తకంలో బొమ్మ చూసే నేర్చుకుంటున్నారు. ఆ డబ్బుతో ఒక ప్రయోగశాల గది, నాలుగు బల్లలు, కటకాలు, పట్టకాలు, స్ఫటికాల నమూనాలు కొందాం. నా వాటా దానికే ఇస్తాను. గోడ మీద దాతల పేర్ల బదులు ఆ ఇద్దరి పేర్లూ రాయిద్దాం. రేపు మన పిల్ల ఎవరైనా పరాయి దేశంలో ఆ పేర్లు వింటే, నాలాగా తెలిసినట్టు తలూపాల్సిన అవసరం రాకూడదు.