ఆగి మరల పంపుట

ఒకే తరంగముపై రెండు కేంద్రములు ఏకకాలమున పలికినచో శ్రోతకు ఒక్క మాటయు బోధపడదు. కావుననే ఏ కేంద్రమునకు ఆ తరంగమును కేటాయించుట లోకమంతట ఆచారమైనది. కాని 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రమ్‌సన్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును దీనికి విరుద్ధమైన త్రోవ త్రొక్కిరి.

హవాయి దీవుల సముదాయము; దీవికిని దీవికిని నడుమ సముద్రము. హొనలూలులోని కంప్యూటరుతో దూరమున నున్న యంత్రములు సంభాషించుటకు టెలిఫోను తీగలకు మారుగా వారు రేడియోను ఎన్నుకొనిరి. యంత్రములన్నింటికిని ఒకే తరంగము. వార్తను చిన్న పొట్లములుగా కట్టి, ఎవరికి తోచినప్పుడు వారు పంపవచ్చును. 'అందినది' అను జవాబు రానిచో, పొట్లము మరొకదానితో ఢీకొని చెడినదని తలచి మరల పంపవలెను. ఈ పద్ధతికి 'అలోహా' అని పేరు. అది ఆ దీవులవారి పలుకరింపు.

ఇందు ఒక సూక్ష్మమున్నది. ఢీకొన్న యంత్రములు రెండును సమానకాలము ఆగినచో మరల ఢీకొనక తప్పదు, ఇరుకుసందులో ఎదురుపడిన ఇద్దరును ఒకే ప్రక్కకు తొలగినట్లు. కనుక ఎంతసేపు ఆగవలెనో ప్రతి యంత్రమును పాచిక వేసినట్లు తనకు తానే నిర్ణయించుకొనును. అయినను, తరంగశక్తిలో సుమారు 18 శాతమునకు మించి వినియోగపడదని అబ్రమ్‌సన్ లెక్క తేల్చెను. రద్దీ పెరిగినకొలది ఢీకొనుటలును, వానితో మరల పంపుటలును పెరుగును గదా.

ఈ గణితమును ముందుకు నడపినవాడు రాబర్ట్ మెట్‌కాఫ్. ఆయన పరిశోధనా వ్యాసమును హార్వర్డు మొదట త్రిప్పి పంపెను. అలోహాను గూర్చిన విశ్లేషణము చేర్చి మరల సమర్పించి 1973లో పట్టమును పొందెను. మరల ప్రయత్నించు విద్యను గూర్చిన గ్రంథమునకే ఆ గతి పట్టుట వింతయే! ఆ యేడే జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున ఆయన ఈథర్‌నెట్టును ప్రతిపాదించెను. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దానిని నిర్మించెను. ఢీకొనిన ప్రతిసారియు ఆగదగిన కాలపు హద్దు రెట్టింపగుట అందలి విశేషము. తర్వాత ఏర్పడిన ప్రమాణము ప్రకారము, 16 ప్రయత్నములు విఫలమైనచో యంత్రము ఇక మానుకొని, పని కాలేదని తెలుపును. ఓటమిని ఒప్పుకొను ఈ నియమమే నాకు అన్నింటికంటె గొప్పదిగా తోచును.

ఈ జాగ్రత్త చాలనిచోట ఏమి జరుగునో 1986 అక్టోబరులో తెలియవచ్చినది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ఆవరణమునకును దూరము 400 గజములు మాత్రమే. వాని నడుమ సెకనుకు 32,000 బిట్ల వేగముతో సాగుచుండిన వార్తాప్రవాహము 40 బిట్లకు పడిపోయెను! తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. రద్దీవలన జవాబు ఆలస్యమగుచుండగా, పంపినవి పోయినవనుకొని యంత్రములు అవే పొట్లములను మరల మరల కుమ్మరించెను. దారిలో నిలిచియున్నవానిపైననే వాని నకళ్లు వచ్చిపడెను. సహాయమునకై చేసిన పనియే ఊపిరి సలుపనీయలేదు.

వాన్ జాకబ్‌సన్, మైకేల్ కారెల్స్ అనువారు కారణమును వెదకి, 1988లో చికిత్సను ప్రకటించిరి. జవాబు వచ్చుటకు పట్టు సగటు కాలమునే కాక, అందలి హెచ్చుతగ్గులను గూడ కొలిచి, ఓర్పునకు హద్దు నిర్ణయింపవలెను. అప్పటికిని రానిచో ఆగు కాలమును రెట్టింపవలెను. ప్రవాహమును మొదట కొద్దిగా ఆరంభించి క్రమముగా పెంచవలెను. నేటి ఇంటర్నెట్టు ఈ సూత్రములపైననే నడచుచున్నది.

మనుష్యుని చేయి సోకక తమంత తాము సాగు కార్యక్రమములలో నేడు ఇదే నీతి పాటింపబడుచున్నది. కాని ధనము చెల్లించుచోట మరియొక చిక్కు కలదు: పని జరిగి జవాబు మాత్రమే పోయినచో, మరల పంపుట రెండుమార్లు చెల్లించుటయగును. కావున ప్రతి కోరికకును ఒక సంఖ్యనిత్తురు; అదే సంఖ్య మరల వచ్చినచో అవతలి యంత్రము సొమ్ము కదల్పక, మొదటి జవాబునే తిరిగి చెప్పును.