మైదానంలోకి వచ్చిన కోడి

2011 డిసెంబరు 31, శనివారం. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం కిక్కిరిసి ఉంది. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ సర్ అలెక్స్ ఫెర్గూసన్‌కు సరిగ్గా ఆ రోజే డెబ్బై నిండాయి. ఆడటానికి వచ్చింది బ్లాక్‌బర్న్ రోవర్స్. ఇరవై జట్ల ప్రీమియర్ లీగ్ పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు. పుట్టినరోజు కానుకగా మూడు పాయింట్లు ఇచ్చి పోతారులే అనుకోని వాళ్లు ఆ స్టేడియంలో అరుదు.

పదహారో నిమిషంలో రోవర్స్‌కు పెనాల్టీ దొరికింది. నైజీరియా ఆటగాడు యకుబు తడబడకుండా గోల్ కొట్టాడు. విరామం తర్వాత కాసేపటికే అతనే ఇంకొకటి కొట్టాడు. 2-0. అప్పుడు యునైటెడ్ నిద్ర లేచింది. బెర్బటోవ్ నిమిషం తిరక్కుండా ఒకటి, మరో పది నిమిషాలకు ఇంకొకటి వేశాడు. 2-2. ఇక మిగిలిన ఆట అంతా ఒకవైపే సాగుతుందని అందరూ లెక్కేసుకున్నారు. ఎనభయ్యో నిమిషంలో రోవర్స్‌కు కార్నర్ వచ్చింది. గుంపు మీదికి లేచిన గోల్‌కీపర్ డి హెయా చేతికి బంతి చిక్కలేదు. ఇరవయ్యేళ్ల స్కాట్లండ్ కుర్రాడు గ్రాంట్ హాన్లీ తలతో దాన్ని లోపలికి తోశాడు. 3-2.

ఆ సీజన్ ముగిసేసరికి యునైటెడ్, మాంచెస్టర్ సిటీ రెండూ 89 పాయింట్ల దగ్గర సమానంగా నిలిచాయి. గోల్స్ తేడాతో కప్పు సిటీకి పోయింది. ఆ శనివారం బ్లాక్‌బర్న్‌తో కనీసం డ్రా చేసుకున్నా కప్పు యునైటెడ్‌దే. ఇంగ్లండ్ ఛాంపియన్ ఎవరో తేల్చే బలం అట్టడుగు జట్టుకు ఉంది. తన గతి తాను మార్చుకునే బలమే దానికి లేకపోయింది.

ఆ జట్టు యజమానుల పేర్లు వింటే మా ఐరాల వాళ్లు ఉలిక్కిపడతారు. అనురాధా దేశాయి, ఆమె తమ్ముళ్లు వెంకటేశ్‌రావు, బాలాజీరావు. కంపెనీ పేరు వెంకీస్, అంటే వెంకటేశ్వరా హేచరీస్. మా మండలంలోని కాణిపాకం దాటితే మనసు తిరుమల వైపే పోతుంది. ఆ కొండ మీది స్వామి పేరు పెట్టుకున్న కంపెనీ ఇది. బస్సు దూరంలో ఉన్న ఆ పేరు మీద లాంకషైర్‌లోని ఒక మిల్లుల పట్నం జనం ఎర్రబడ్డ కళ్లతో అరిచారంటే ఎవరు నమ్ముతారు?

ఈ కంపెనీని 1971లో హైదరాబాద్‌లో మొదలుపెట్టింది డాక్టర్ బి.వి. రావు. పూర్తి పేరు బండా వాసుదేవరావు. తెలుగువాడు. కోళ్లను పెరటి పెంపకం నుంచి పరిశ్రమగా మార్చిన వాళ్లలో ఆయనది ముందు వరస. తర్వాత కంపెనీ కేంద్రం పుణేకు మారింది. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనబడేది 1982లో పుట్టిన జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ, అదే ఎన్‌ఈసీసీ. అంతకు ముందు గుడ్డు ధర దళారి చెప్పిందే. రైతు దాణా ఖర్చు కూడా రాక షెడ్లు మూసుకునే రోజులు. రావు ఊరూరూ తిరిగి కోళ్ల రైతులను కూర్చోబెట్టి మాట్లాడాడు. కోడిని పెంచినవాడే గుడ్డు ధర చెప్పాలి అన్నాడు. ఈరోజు పేపర్లో వచ్చే గుడ్డు రేటు వెనక ఆ మాట ఉంది. 1996లో ఆయన పోయాడు. పగ్గాలు పిల్లల చేతికి వచ్చాయి.

ఆ పిల్లలు 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నారు. ధర 2.3 కోట్ల పౌండ్లు. అప్పటి మారకంలో 165 కోట్ల రూపాయలకు అటూ ఇటూ. క్లబ్బు అప్పులు అదనం. ప్రీమియర్ లీగ్ క్లబ్బు ఒక భారతీయ కంపెనీ చేతికి రావడం అదే మొదటిసారి.

వాళ్లు కొన్నది చిన్నా చితకా జట్టు కాదు. 1875లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు దాన్ని స్థాపించిన పన్నెండు క్లబ్బుల్లో ఒకటి. బ్లాక్‌బర్న్ అప్పట్లో నూలు మిల్లుల పట్నం. మన నేతగాళ్ల మగ్గాలను మూయించిన బట్టలో చాలా భాగం ఆ చుట్టుపక్కల మిల్లుల్లోంచే వచ్చింది. విదేశీ బట్ట బహిష్కరణ ఉద్యమం తర్వాత, 1931లో గాంధీగారు ఆ పక్కనే ఉన్న డార్వెన్ దాకా వెళ్లి, పని పోయిన మిల్లు కూలీల మధ్య నిలబడి మాట్లాడారు. మిల్లులు మూతపడ్డాయి, జట్టు మిగిలింది. ఆ ఊళ్లోనే పుట్టి ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన జాక్ వాకర్ 1990ల్లో తన డబ్బు రోవర్స్ మీద కుమ్మరించాడు. కెన్నీ డాల్‌గ్లిష్‌ను మేనేజర్‌గా, అలన్ షియరర్‌ను ఆటగాడిగా తెచ్చాడు. 1995లో రోవర్స్ ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది. వాకర్ 2000లో చనిపోయాడు. ఆయన పేరిట ఉన్న ట్రస్టు దగ్గరి నుంచే వెంకీస్ క్లబ్బును కొన్నది.

మొదట్లో ఊరు సంతోషించింది. బ్రెజిల్ స్టార్ రొనాల్డీన్యోను తెస్తారట అన్న వార్త పేపర్లలో వచ్చింది. అతను రాలేదు. వచ్చింది వేరే కబురు. 2010 డిసెంబరు 13న మేనేజర్ శామ్ అల్లార్డైస్‌ను తీసేశారు. జట్టు పట్టికలో పదమూడో స్థానంలో ఉంది. ఆ జట్టుకున్న శక్తికి అది మంచి చోటే. అల్లార్డైస్ ఆట చూడటానికి అందంగా ఉండదని అనేవాళ్లు చాలామంది. కానీ జట్టును కింద పడనివ్వడన్న పేరు అతనికి గట్టిగా ఉంది. ఫెర్గూసన్ బహిరంగంగానే తప్పుబట్టాడు. అల్లార్డైస్ కుర్చీలో అప్పటిదాకా కోచ్‌గా పనిచేస్తున్న స్టీవ్ కీన్‌ను కూర్చోబెట్టారు. పెద్ద డివిజన్ జట్టును నడిపిన అనుభవం అతనికి లేదు. కొద్ది వారాలకే, ఏళ్ల తరబడి క్లబ్బును కనిపెట్టుకుని ఉన్న ఛైర్మన్ జాన్ విలియమ్స్ కూడా వెళ్లిపోయాడు.

నా ఉద్దేశంలో ఆ జట్టు కింద పడిన రోజు 2012లో కాదు, ఆ డిసెంబరు 13నే. మిగిలిందంతా దాని తర్వాతి పర్యవసానం.

క్రికెట్‌కు అలవాటుపడ్డ మనకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఐపీఎల్‌లో ఆఖరున నిలిచిన జట్టు మళ్లీ ఏడాది అదే టోర్నీలో దర్జాగా ఆడుతుంది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో అట్లా కుదరదు. ముప్పై ఎనిమిది ఆటలు ముగిశాక చివరి మూడు జట్లు కింది డివిజన్‌కు పోవాల్సిందే. టీవీ డబ్బు ఒక్కసారిగా కరిగిపోతుంది, మంచి ఆటగాళ్లు వేరే దారి చూసుకుంటారు.

ఐరాల సెంటర్‌లో టీ తాగుతూ ఈ కథ చెబితే బ్రాయిలర్ షెడ్డు నడిపే ఒకాయన అడిగాడు.

“కోళ్ల కంపెనీకి బంతాట ఎందుకునా?”

“పేరు కోసమేలే అన్నా. ప్రపంచమంతా చూసే ఆట గదా.”

“పేరు సరే. ఆ ఊరోళ్లను అడిగినారా, మీకేం గావాలని?”

ఆయన ప్రశ్నలో కథంతా ఉంది. మా వైపు కాంట్రాక్టు పెంపకంలో కంపెనీలు పిల్లలిస్తాయి, దాణా ఇస్తాయి, మందులిస్తాయి. షెడ్డు, నీళ్లు, కరెంటు, రేయింబవళ్ల చాకిరీ రైతువి. నలభై రోజులకు అటూ ఇటూగా లారీ వస్తుంది, తూకం వేస్తారు, కూలి లెక్క కడతారు. పిల్ల ఎవరిది, ధర ఎవరిది అనే మాటకు అక్కడ చోటు తక్కువ. ఫుట్‌బాల్ జట్టు అట్లా కాదు. తాత చెయ్యి పట్టుకుని వచ్చిన మనవడు, తర్వాత తన మనవడితో వస్తాడు. వాటా ఒక్కటి లేకపోయినా జట్టు తనదే అనుకుంటాడు. రైతు మాట వినడం కోసం ఊరూరూ తిరిగినవాడి పిల్లలు, బ్లాక్‌బర్న్ ఊరి మాటను మాత్రం పుణేలో కూర్చుని విన్నారు.

2010-11లో రోవర్స్ ఎట్లాగో బతికింది. ఆఖరి రోజు వుల్వ్స్‌ను వాళ్ల గడ్డ మీదే 3-2తో ఓడించి పదిహేనో స్థానంలో ఆగింది. ఆ వేసవిలో సొంత అకాడమీలో పెరిగిన డిఫెండర్ ఫిల్ జోన్స్‌ను మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మేశారు. వచ్చిన డబ్బుకు సాటి వచ్చే ఆటగాళ్లు రాలేదు.

2011 ఆగస్టులో కొత్త సీజన్ మొదలైంది. మొదటి ఆటే సొంత మైదానం ఈవుడ్ పార్కులో ఓటమి. సెప్టెంబరులో ఆర్సెనల్ మీద 4-3 గెలుపు వచ్చింది గానీ, అందులో రెండు గోల్స్ ఆర్సెనల్ వాళ్లు తమ గోల్లో తామే వేసుకున్నవి. జనం బ్యానర్లు పట్టారు. “కీన్ అవుట్” అన్న కేకలు ప్రతి ఆటకూ పెరిగాయి. అక్టోబరులో లీగ్‌కు విరామం దొరికితే యజమానులు జట్టును పుణేకు తెచ్చి పుణే ఎఫ్‌సీతో స్నేహపూర్వక ఆట ఆడించారు. రోవర్స్ ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూములో కూర్చుని వెంకీస్ చికెన్ తినే ప్రకటన కూడా ఆ రోజుల్లోనిదే. గెలుస్తున్న జట్టయితే జనం నవ్వి ఊరుకునేవాళ్లు. ఓడుతున్న జట్టు కోడికాళ్లు కొరుకుతుంటే ఆ నవ్వులో విషం కలిసింది.

డిసెంబరు 3న యకుబు ఒక్కడే నాలుగు గోల్స్ వేసి స్వాన్సీని ఓడించాడు. ఆశ చిగురించింది. డిసెంబరు 20న పొరుగూరు బోల్టన్ వచ్చి 2-1తో దాన్ని తుంచేసింది. ఆ రాత్రి ఈవుడ్ పార్కులో ఆట కంటే తిట్లే ఎక్కువ వినిపించాయి. తొంభై నిమిషాలూ సొంత జనమే కీన్‌ను దుమ్మెత్తి పోశారు. ఇక్కడ నేను ఆ జనాన్ని పూర్తిగా వెనకేసుకు రాలేను. కోపం న్యాయమైనదే. కానీ దాన్ని మోసింది ఒక ఉద్యోగి. అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన వాళ్లు ఏడువేల కిలోమీటర్ల అవతల ఉన్నారు. పదకొండు రోజులకు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆ ముప్పుతిప్పల గెలుపు తెచ్చింది కూడా ఆ మనిషే.

2012 కొత్త ఏడాది ఆ గెలుపును నిలబెట్టుకోలేదు. ఫిబ్రవరిలో ఆర్సెనల్ 7-1తో చితక్కొట్టింది. గోడలా నిలిచే డిఫెండర్ క్రిస్ సాంబా రష్యా జట్టు అన్జీకి వెళ్లిపోయాడు. మార్చిలో వుల్వ్స్, సండర్లాండ్‌లను వరసగా ఓడించి ఊపిరి పీల్చుకున్నారు. ఆ వెంటనే అయిదు ఆటలు వరసగా పోయాయి. బోల్టన్, యునైటెడ్, వెస్ట్ బ్రోమ్, లివర్‌పూల్, స్వాన్సీ. మధ్యలో నార్విచ్ మీద ఒక గెలుపు, మళ్లీ టోటెన్‌హామ్ చేతిలో ఓటమి. రెండు ఆటలు మిగిలాయి.

మే 7, సోమవారం రాత్రి. ఈవుడ్ పార్కుకు విగాన్ అథ్లెటిక్ వచ్చింది. దగ్గర్లోని ఒకప్పటి లాంకషైర్ ఊరే, తానూ గండం గట్టెక్కాలనుకుంటున్న జట్టే. రోవర్స్‌కు ఓడితే దారి మూసుకుపోతుంది. ఇక్కడ మనకు అప్పటికే అర్ధరాత్రి దాటింది.

ఆట మొదలై ఎక్కువ సేపు కాలేదు. స్టాండ్ల వైపు నుంచి ఒక కోడి మైదానంలోకి వచ్చింది. ఒంటికి రోవర్స్ రంగుల గుడ్డ చుట్టి ఉంది. బెదిరిపోయి అటూ ఇటూ పరుగెత్తుతోంది. ఆటగాళ్లు ఆగిపోయారు. కెమెరాలు బంతిని వదిలేసి కోడి వెంట పడ్డాయి. మర్నాటి పత్రికల్లో ఆ ఫొటోనే. దాన్ని వదిలినవాడికి యజమానులతో చెప్పాల్సిన మాట ఎంతో ఉండి ఉంటుంది. ఊరి నోటికి కంపెనీ గడప దాకా దారి లేనప్పుడు, కంపెనీ సరుకునే దూతగా పంపాడు.

కోడిని పట్టి బయటికి తీశారు. ఆట సాగింది. గోల్ లేదు. విగాన్ అంచెలంచెలుగా నొక్కుతోంది, రోవర్స్ ఎదురుదాడికి దిగలేకపోతోంది. ఎనభై ఏడో నిమిషంలో విగాన్‌కు కార్నర్ వచ్చింది. పరాగ్వే డిఫెండర్ అంతోలిన్ అల్కరాజ్ ఎగిరి తలతో కొట్టాడు. 1-0. పదకొండేళ్లు వరసగా పెద్ద డివిజన్‌లో ఆడిన జట్టు మరో కొద్ది నిమిషాల్లో కిందికి దిగిపోయింది. విగాన్ గట్టెక్కింది.

ఆఖరి లెక్క ఇది. ముప్పై ఎనిమిది ఆటల్లో 8 గెలుపులు, 7 డ్రాలు, 23 ఓటములు. 31 పాయింట్లు, పందొమ్మిదో స్థానం. యకుబు ఒక్కడే లీగ్‌లో 17 గోల్స్ వేశాడు. అంత కొట్టే మనిషి ఉండి కూడా పడిపోయారంటే, ముందు వరస ఇచ్చింది వెనక వరస నిలబెట్టుకోలేదు. 78 గోల్స్ వదిలేసుకున్నారు.

కీన్‌ను అప్పుడైనా మారుస్తారేమో అనుకుంటే, అతన్నే కొనసాగించారు. 2012 సెప్టెంబరు 28న అతనే రాజీనామా చేశాడు. ఆ తర్వాత కొన్ని నెలలు మేనేజర్ కుర్చీ ఎవరికీ అచ్చిరాలేదు. 1995లో కప్పు గెలిచిన జట్టులో ఉన్న నార్వే డిఫెండర్ హెన్నింగ్ బెర్గ్‌ను తెచ్చారు. 57 రోజులకు తీసేశారు. బ్రాయిలర్ పిల్లను కోతకు పెంచడానికి పట్టే కాలం కంటే కాస్త ఎక్కువ. మైకేల్ ఆప్లటన్‌ను తెచ్చి 67 రోజులకు పంపారు. బెర్గ్ కోర్టుకు వెళ్లాడు. ఒప్పందం ప్రకారం అతనికి 22.5 లక్షల పౌండ్లు ఇవ్వాల్సిందేనని హైకోర్టు తేల్చింది.

2017లో రోవర్స్ ఇంకో మెట్టు దిగి మూడో డివిజన్‌కు చేరింది. మరుసటి ఏడాదే పైకి ఎక్కి రెండో డివిజన్‌కు వచ్చింది. యజమానులు మారలేదు. ఏటా నష్టాలను పూడ్చింది కూడా ఆ కుటుంబం డబ్బే. ఈ మాట వాళ్ల వైపు నుంచి చెప్పకపోతే న్యాయం కాదు.

కథంతా విన్న ఆ బ్రాయిలర్ షెడ్డు ఆయన టీ గ్లాసు కింద పెట్టి మళ్లీ అడిగాడు. “అంత డబ్బు పోసినారు గదా, ఒక్క మాట అడగడానికి ఏం ఖర్చు?”