ముఠాదారు నుంచి ఎంపీ దాకా

ముఠా అనగానే నేటి పత్రికా పాఠకునికి కలహించే రాజకీయ వర్గమే స్ఫురిస్తుంది. మన్యంలో దాని అర్థం వేరు. కొన్ని గ్రామాల సముదాయం ముఠా, పెత్తనదారు ముఠాదారు. 1839 చట్టంతో విశాఖ ఏజెన్సీ సాధారణ న్యాయస్థానాల పరిధి దాటి కలెక్టరు ఏలుబడిలోకి వెళ్ళినా, శిస్తు కట్టే గిరిజనునికి కనబడిన ప్రభువు ముఠాదారే. 1969 నిబంధన ఆ వ్యవస్థను రద్దు చేసింది.

ఓటు అప్పటికే వచ్చింది. హద్దులు గీసినవారు మాత్రం కొండవారు కారు. 2008 పునర్విభజనలో పుట్టిన అరకు లోక్‌సభ స్థానం పాలకొండ నుంచి రంపచోడవరం దాకా ఏడు శాసనసభ స్థానాల మేర పరచుకొన్నది. ఉత్తరాన సవరలు, జాతాపులు, దక్షిణాన కొండరెడ్లు, నడుమ మరెన్నో తెగలు. అందరికీ ఒక్కరే ప్రతినిధి! 2009లో తొలి విజేత కిశోర్‌చంద్ర దేవ్, కురుపాం జమీందారీ కుటుంబీకులు. ముఠాలు పోయినా ఇంటిపేర్ల బలం పోలేదని నాకనిపిస్తుంది.

తరువాత మూడు పర్యాయాలూ వైఎస్సార్ కాంగ్రెసుదే గెలుపు. 2024 ఫలితం మరీ విచిత్రం. ఏడింటిలో ఐదు శాసనసభ స్థానాలు కూటమి గెలుచుకొన్నది. అరకు, పాడేరు మాత్రమే వైఎస్సార్ కాంగ్రెసుకు దక్కాయి. అయినా లోక్‌సభకు నెగ్గినవారు ఆ పక్షపు గుమ్మ తనూజారాణి. ఆమె ఓడించిన భాజపా అభ్యర్థిని కొత్తపల్లి గీత 2014లో ఇదే స్థానంలో వైఎస్సార్ కాంగ్రెసు తరఫున నెగ్గినవారే! 2014లో అరకు, పాడేరు శాసనసభ్యులిద్దరూ కూడ అదే పక్షాన గెలిచి, గడువు తీరకముందే తెలుగుదేశంలో చేరారు. ఓటరును అడిగినదెవరు?

జెర్రెల బాక్సైటుకు 2015లో దారి తెరచిన 97వ జీవో 2019లో రద్దయింది. తెరచినది ఒక పక్షం, మూసినది మరొకటి. గ్రామసభను సంప్రదించాలన్న 1996 పెసా చట్టం ఆ రెండు వేళలా అమలులోనే ఉన్నది.