ఆఫీసు తాళాలు, పద్మ, లేఖిని

ఆఫీసు బ్రౌజర్లో ఏదైనా పొడగింత వేసుకోబోతే "మీ అడ్మినిస్ట్రేటర్ దీన్ని ఆపేశారు" అనే సందేశం చూడని ఐటీ వాళ్ళు ఉండరేమో. ఈ తాళానికి సెక్యూరిటీ వాళ్ళు చెప్పే చరిత్ర ఒకటుంది. తెలుగు చదువుకుందామనుకున్న వాళ్ళ చరిత్ర ఇంకోటుంది. అది ఎక్కడా రాసినట్టు లేదు, అందుకే ఈ టపా.

2004-06 రోజులు గుర్తు తెచ్చుకోండి. ఎక్కడ చూసినా విండోస్ ఎక్స్‌పీ. అందులో గౌతమి ఫాంటు ఉంది గానీ దానంతటది పడదు. కంట్రోల్ ప్యానెల్లో రీజినల్ సెట్టింగుల్లోకెళ్ళి, కాంప్లెక్స్ స్క్రిప్టుల దగ్గర టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి, మెషీన్ రీస్టార్ట్ చెయ్యాలి. అడ్మిన్ హక్కులు లేనివాడికి పేజీ నిండా డబ్బాలే! పోనీ పోతన ఫాంటు దించుకుందామా అంటే, ఫాంట్స్ ఫోల్డర్లోకి కాపీ చెయ్యడానికి మామూలు యూజరుకి అనుమతి లేదు. హెల్ప్‌డెస్క్ వాడేమో బిజినెస్ జస్టిఫికేషన్ రాయమంటాడు. అనంతపురంలో వాన పడిందో లేదో చూసుకోవాలి అని రాస్తే ఒప్పుకుంటారా? :)

నవ్వొచ్చినా విషయం చిన్నది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో, శెనక్కాయ పంట మీద బతికే జిల్లా అది. అక్కడ పుట్టి బెంగుళూరులో కోడు రాసుకునే వాడికి, జూన్ జులైల్లో ఇంటి దగ్గర విత్తనం పడిందా అన్నది జిల్లా పేజీలో దొరికే వార్త. ఇంగ్లీషు పేపర్లో దొరకదు.

ఈనాడు సైటు అప్పట్లో సొంత ఫాంటుతో నడిచేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయితే ఆ ఫాంటుని తనే తెచ్చుకునేది. 2004 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 1.0కి మారిన వాళ్ళకి మాత్రం పిచ్చి అక్షరాలు. వాళ్ళని ఆదుకున్నది వెన్న నాగార్జున గారి పద్మ. ఇది పేపర్ల సొంత ఎన్‌కోడింగుని అప్పటికప్పుడు యూనికోడులోకి మార్చే పొడగింత. ఇందులో ఒక తమాషా ఉంది. ఫైర్‌ఫాక్స్ పొడగింత యూజరు ప్రొఫైల్లోకి వెళ్తుంది, ప్రోగ్రామ్ ఫైల్స్ జోలికి పోదు. కాబట్టి విండోస్ తాళం దాన్ని ఆపలేదు. ఈ సంగతి తెలిసిన అడ్మిన్ ఫైర్‌ఫాక్స్ లోపలి సెట్టింగుని లాక్ చేస్తే మాత్రం ఆ దారీ బందే.

చదవడం ఇలా ఉంటే రాయడం ఇంకా కష్టం. బరహ లాంటివి ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అప్పుడు, 2006లో, వీవెన్ గారి లేఖిని వచ్చింది. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే ఇంకో పెట్టెలో తెలుగు. రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ గార్లు తయారుచేసిన ఆర్టీఎస్ పద్ధతే. ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు, ఉత్త వెబ్ పేజీ. ఎవరిని అడగాలి? లేఖిని అంతగా పాకడానికి సగం కారణం ఆఫీసు తాళాలే అని నా అభిప్రాయం.

అలాగని అడ్మిన్లని తిట్టను. 2002 వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి బావికి 250 మీటర్లలోపు అనుమతి లేకుండా బోరు వెయ్యకూడదు. మన బోరు ఊరి నీళ్ళు లాగేస్తుంది మరి. పొడగింతా అంతే, వేసుకునేది ఒకడు, బయటపడేది అందరి డేటా. గ్రేట్ సస్పెండర్ 2020లో చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్వేర్ అని తీసేసింది. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే సెక్యూరిటీ కంపెనీ ఎక్స్‌టెన్షన్లోకే దొంగలు తమ కోడు దూర్చారు. ఒక ఉద్యోగి ఫిషింగ్ మెయిలుకి చిక్కడం వల్ల!

కానీ వాల్టాలో అనుమతి అడగడానికి ఒక దారి ఉంది. ఆ దారి మరీ ఇరుకైతే బోరు లారీ రాత్రిపూట దిగుతుంది. ఆఫీసుల్లో రాత్రిపూట లారీ పేరు పోర్టబుల్ ఫైర్‌ఫాక్స్, పెన్‌డ్రైవులో వచ్చేది. అడ్మిన్‌కి కనిపించే పద్మ కన్నా కనిపించని పెన్‌డ్రైవు ప్రమాదం కదా?

తర్వాత గొడవ చాలావరకు తనంతట తనే తీరింది. విస్టా నుంచి తెలుగు అడగకుండానే కనిపిస్తోంది, 2018 నుంచి విండోస్ 10లో అడ్మిన్ హక్కుల్లేకుండా ఫాంటు వేసుకోవచ్చు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడగింతలన్నిటినీ ఆపేసింది, పద్మ ఆ కాలపుదే. ఇప్పుడు క్రోమ్‌లో, ఎడ్జ్‌లో అన్నీ మూసేసి, పరీక్షించిన కొన్నిటిని మాత్రం తెరిచే పాలసీ ఉంది. ఆ జాబితా మీ చేతిలో ఉంటే, తెలుగు టైపింగు పొడగింత ఒకదాన్ని కూడా పరీక్షించి చేర్చండి. బిజినెస్ జస్టిఫికేషన్ నేను రాసిస్తాను.