ఉక్కుపై అంకెలు: తెలంగాణ సాయుధ పోరాట కాలపు బాయ్‌నెట్ల కాలనిర్ణయం

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. అప్పటి నుండి 1951లో పోరాట విరమణ దాకా నేటి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పల్లెల్లో, అడవుల్లో నిజాం పోలీసులు, రజాకార్లు, గెరిల్లా దళాలు, 1948 సెప్టెంబరు తరువాత భారత సైన్యం ఆయుధాలతో సంచరించాయి. కనుక ఇక్కడ దొరికిన పాత బాయ్‌నెట్‌ను ఏదో ఒక సంఘటనకు ముడిపెట్టడం తేలిక. ఆ ముడి నిలుస్తుందో లేదో ముందుగా లోహాన్నే అడగాలి.

లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు తొడిగే బాయ్‌నెట్‌నే చూద్దాం. పిడి దగ్గర అలుగుపై కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, వాటి కింద 1907 అన్న అంకె ఉంటాయి. దీన్ని తయారీ సంవత్సరంగా చదవడం పరిపాటిగా జరిగే పొరపాటు. అది నమూనా పేరు మాత్రమే. తయారీ కాలం దాని కింద నెలగా, సంవత్సరపు చివరి రెండంకెలుగా ఉంటుంది: ‘3 17’ అంటే 1917 మార్చి. అడ్డుపట్టీకి ఉండే కొక్కెం 1913లో, పిడి చివర రంధ్రం లేకపోవడం 1916లో ముగిశాయి. అయితే పాతవాటి కొక్కేలను తరువాత కోసివేశారు, రంధ్రాలూ తొలిచారు. కాబట్టి కొక్కెం ఉండటం సాక్ష్యమే గాని, లేకపోవడం సాక్ష్యం కాదు. బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ముద్ర ఉండి, అలుగు 17 అంగుళాలకు బదులు 12 అంగుళాలే ఉంటే, ఆ రూపం రెండవ ప్రపంచ యుద్ధ కాలానిదని భావించవచ్చు.

క్రమసంఖ్య సంగతి వేరు. బ్రిటిష్ తయారీలో ఈ బాయ్‌నెట్లకు కర్మాగారపు వరుస సంఖ్య సాధారణంగా ఉండదు. పిడిపై కనిపించేది దళం వేసుకున్న సంఖ్యో, జతగా ఇచ్చిన రైఫిల్ సంఖ్యో అయి ఉంటుంది. ఆయుధాల రిజిస్టరుతో సరిపోల్చనిదే అది ఏ సంవత్సరాన్నీ చెప్పదు.

తయారీ తేదీ ఇచ్చేది కింది హద్దు మాత్రమే. 1917 నాటి బాయ్‌నెట్ 1947లో పోలీసు చేతిలో, మరునాడు దానిని లాక్కున్న దళ సభ్యుడి చేతిలో ఉండవచ్చు. మరోవైపు, అశోకుని సింహాల చిహ్నం 1950 జనవరి 26న రాజ్యచిహ్నమయింది. ఆ ముద్ర ఉన్న ఆయుధాన్ని కడవెండి కాల్పులకు ఆధారంగా చూపదలచినవారు, ముద్ర తరువాతి మరమ్మతులో పడిందని వేరుగా నిరూపించవలసి ఉంటుంది.

ఊరివారి జ్ఞాపకాన్ని దీనితో కొట్టివేయడం సరికాదు. ఆయుధం ఎవరింట, ఎలా దాగిందో లోహం చెప్పలేదు. ఇక పత్రాలను వెతికేవారు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఈ మూడు జిల్లాల పేర్లతో వెతికితే లాభం లేదు. అవి 2016 అక్టోబరులో ఏర్పడినవి. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల దస్త్రాలను చూడాలి. నిజాం కాలపువి చాలావరకు ఉర్దూలో ఉంటాయి. వాటిలో వెతకవలసిన మాట ‘సంగీన్’.